చెరిపేసిన సందేశాలు, చెరగని వరుస: మొబైల్ యాప్‌లలో సైబర్ వేధింపుల ఆధారాలు

రాత్రి పదకొండు దాటాక తరగతి గ్రూపులో ఒక ఫొటో పడుతుంది. ఆ గ్రూపులోనే ఉన్న ఒక అమ్మాయి ముఖాన్ని వికృతంగా మార్చి, అవహేళనగా రెండు మాటలు జోడించి పెట్టిన ఫొటో అది. ఒకదాని వెంట ఒకటి నవ్వు బొమ్మలు వస్తాయి. తెల్లవారి చూస్తే ఫొటో లేదు. దాని చోట "ఈ సందేశం తొలగించబడింది" అన్న బూడిద రంగు వాక్యం ఒక్కటే ఉంది. పెట్టినవాళ్లు తామేమీ పెట్టలేదంటారు. నవ్వినవాళ్లు దేనికి నవ్వామో గుర్తులేదంటారు. అమ్మాయి దగ్గర తన మాట తప్ప ఇంకేమీ మిగల్లేదని పెద్దలు తేల్చేస్తారు. ఫిర్యాదు అక్కడితో ఆగిపోతుంది.

ఆగిపోవలసిన పని లేదు. ఆ బూడిద రంగు వాక్యం కూడా సాక్ష్యమే. ఎవరి ఖాతా నుంచి, ఏ గ్రూపులోకి, ఏ క్షణాన ఒక సందేశం వచ్చిందో ఫోను లోపలి రికార్డు ఇంకా చెబుతూనే ఉంటుంది. పోయింది ఆ సందేశంలోని ఫొటో. అది కూడా అన్ని చోట్లా పోయిందో లేదో వెతికితేగాని తెలియదు.

బడి పిల్లల మధ్య వేధింపులను 1970ల నుంచి అధ్యయనం చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వెయస్ వేధింపుకు మూడు గుర్తులు చెప్పారు: బాధపెట్టాలన్న ఉద్దేశం, మళ్లీ మళ్లీ జరగడం, ఇరుపక్షాల బలంలో తేడా. ఆధారాలు వెతికేవారు ఈ మూడింటినీ మనసులో ఉంచుకుంటే సగం దారి తెలుస్తుంది. ఒక్క సందేశంలో ఉద్దేశం కనిపిస్తే కనిపించవచ్చు, పునరావృతి మాత్రం కనిపించదు. "రేపు వస్తావుగా" అన్న మాటను విడిగా చూస్తే అది పిలుపు. దానికి ముందు మూడు వారాల పాటు రోజూ బెదిరింపులు ఉంటే అదే మాటకు చదివినవాళ్ల చేతులు వణుకుతాయి. అందుకే వేధింపుల కేసులో అసలైన ఆధారం సందేశాల వరుస. మాయమైన ఒక్క వాక్యాన్ని ఎలాగైనా తవ్వి తీయాలన్న ఆరాటంలో, చేతిలో భద్రంగా ఉన్న వరుసను పాడుచేసుకోవడం ఈ విషయంలో జరిగే అతి పెద్ద నష్టం.

స్క్రీన్‌షాట్ దగ్గరే ఎందుకు ఆగకూడదు

వేధింపు మొదలవగానే అందరూ చేసే మొదటి పని స్క్రీన్‌షాట్ తీయడం. తీయడం మంచిదే. కానీ స్క్రీన్‌షాట్ అంటే తెర బొమ్మ మాత్రమే. సందేశం పైన కనిపించే పేరు ఆ ఫోనులో ఎవరు ఏ పేరుతో దాచుకుంటే ఆ పేరు. ఏ నంబరునైనా ఇంకొకరి పేరుతో దాచుకుని, ఆ నంబరు నుంచి సందేశం పంపించుకుని తెర బొమ్మ తీస్తే అచ్చం అసలులాగే ఉంటుంది. దొంగ సంభాషణలను తయారు చేసిపెట్టే యాప్‌లు కూడా ఉన్నాయి. ఎదుటి పక్షం "ఇది కల్పితం" అని ఒక్క మాట అంటే చాలు, స్క్రీన్‌షాట్ తనంతట తాను జవాబు చెప్పుకోలేదు.

యాప్‌లోంచి సంభాషణను ఎగుమతి చేసుకునే సదుపాయం ఇంతకంటే కొంత మెరుగు, ఎందుకంటే వరుస మొత్తం ఒక్కసారిగా వస్తుంది. అయినా అది మామూలు అక్షరాల ఫైలు. ఎవరైనా తెరిచి ఒక పంక్తి తీసేయవచ్చు, ఒక పంక్తి చేర్చవచ్చు.

బాధితుల ఇంట్లోనే చేయదగిన పని ఇంకొకటి ఉంది. సంభాషణను మొదటి నుంచి చివరిదాకా మెల్లగా జరుపుతూ మరో ఫోనుతో వీడియో తీయాలి. మధ్యలో పంపినవారి పేరు మీద నొక్కి, నంబరో యూజర్‌నేమో ఉన్న పేజీని తెరిచి చూపించాలి. గ్రూపు అయితే సభ్యుల జాబితా మొత్తం కనిపించాలి. ఆ ఫోను తేదీ, సమయం కూడా కెమెరాలో పడాలి. ప్రయోగశాలలో తీసే ప్రతికి ఈ వీడియో సాటి రాదు. కానీ ఆ తరువాత ఏదైనా చెరిగిపోతే, ఆ రోజు ఫోనులో ఏముందో చెప్పే తొలి నమోదు ఇదే అవుతుంది. తీసిన వీడియోను, స్క్రీన్‌షాట్‌లను కత్తిరించకూడదు, వాటిపై గీతలు గీయకూడదు. వాటిని మెసేజింగ్ యాప్ ద్వారానే ఇంకొకరికి పంపితే చాలా యాప్‌లు ఫొటోను కుదించి, అందులోని తీసిన సమయం వంటి వివరాలను తీసేస్తాయి. అసలు ఫైలును అలాగే ఉంచి, కేబుల్‌తో కంప్యూటర్‌లోకి ఒక ప్రతి తీసుకోవడం మేలు.

బాధితులు తాము కోపంతో ఇచ్చిన జవాబులను ఫిర్యాదుకు ముందు తీసేయడం కూడా తరచూ జరుగుతుంది. తమ తిట్లు ఎవరైనా చూస్తే తప్పు తమదే అనుకుంటారన్న భయం అది. అర్థం చేసుకోదగిన భయమే. అయినా తీయకూడదు. రికార్డులో ఖాళీ ఉందని నిపుణులు కనిపెట్టిన మరుక్షణం, చెరిపింది ఎవరన్న ప్రశ్న బాధితుల మీదికే తిరుగుతుంది. ఇరవై రోజుల వేధింపు తరువాత వచ్చిన ఒక తిట్టు, వరుసలో ఉన్నచోట ఉంటే తన సంగతి తానే చెబుతుంది.

తొలగింపు ఆజ్ఞ కూడా ఒక సందేశమే

"అందరికీ తొలగించు" అన్న మీట నొక్కితే ఏం జరుగుతుందో చాలామందికి తెలియదు. వాట్సాప్‌లో ఈ సదుపాయం 2017లో వచ్చింది. మొదట ఏడు నిమిషాల గడువు ఉండేది, 2022 నుంచి అది రెండు రోజుల పైచిలుకుకు పెరిగింది. మీట నొక్కినప్పుడు పంపినవారి ఫోను నుంచి అవతలి ఫోనుకు ఒక ఆజ్ఞ బయలుదేరుతుంది. ఆ ఆజ్ఞ అందుకున్న ఫోను తనలోని ప్రతిని తనే ఖాళీ చేసుకుంటుంది. అంటే, ఆజ్ఞ అందకపోతే ప్రతి చెరగదు.

ఇందులో ఎంతో ఉపయోగం ఉంది. అభ్యంతరకరమైన సందేశం కనిపించిన వెంటనే ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై, బ్లూటూత్ విడిగా ఆగాయో లేదో చూసుకుంటే తొలగింపు ఆజ్ఞ రాదు. వైఫై గురించి విడిగా చెప్పడానికి కారణం ఉంది: ఇప్పటి ఫోన్లు చాలావరకు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనూ వైఫైని తెరిచి ఉంచగలవు. నిపుణులు ఇదే పనికి రేడియో తరంగాలను అడ్డుకునే లోహపు పొర ఉన్న సంచిని వాడతారు, దాన్ని ఫ్యారడే సంచి అంటారు. సంచిలో పెట్టిన ఫోను సిగ్నల్ కోసం వెతుకుతూ బ్యాటరీని త్వరగా ఖర్చు చేస్తుంది కాబట్టి ఛార్జింగ్ ఏర్పాటు కూడా ఉండాలి.

అదే ఖాతా కంప్యూటర్‌లోనూ తెరిచి ఉంటే ఆ కంప్యూటర్‌లో ఇంకొక ప్రతి ఉండవచ్చు. సందేశం అందాక, తొలగింపుకు ముందే కంప్యూటర్ ఆపేసి మళ్లీ తెరవకుండా ఉంటే, దానికి ఆజ్ఞ ఇంకా చేరలేదన్నమాట. నెట్ కలపకుండా తెరవవలసిన కంప్యూటర్ అది.

గ్రూపు విషయంలో ఇంకా పెద్ద అవకాశం ఉంది, దాన్ని చాలా విచారణలు పట్టించుకోవు. నలభై మంది ఉన్న గ్రూపులో ఫొటో నలభై ఫోన్లకు వెళ్లింది. వాటిలో కొన్నింటికి ఫొటో అందిన తరువాత నెట్ ఆగిపోయి ఉండవచ్చు. కొన్నింటిలో ఫొటోలు వాటంతట అవే గ్యాలరీలోకి దిగే ఏర్పాటు ఉంటుంది. ఇంకెవరో దాన్ని వేరొకరికి పంపి ఉంటారు. వేధించినవారి ఫోనులోకి బలవంతంగా దూరే మార్గం కోసం నెలలు గడిపేకంటే, మౌనంగా చూసిన స్నేహితుల్లో ఒకరిని ధైర్యం చెప్పి అడగడం ఎక్కువ ఫలితం ఇస్తుంది. చూసినవాళ్లు మాట్లాడటానికి భయపడతారు. వాళ్ల పేరు బయటికి రాకుండా చూసే బాధ్యత విచారణ చేసేవాళ్లది.

డేటాబేస్ లోపల

ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ సందేశాలన్నీ ఎంఎస్‌జీస్టోర్ అనే ఒక్క డేటాబేస్ ఫైలులో ఉంటాయి. ఐఫోనులో దాని పేరు చాట్‌స్టోరేజ్. రెండూ ఎస్‌క్యూలైట్ పద్ధతివే. 2000లో రిచర్డ్ హిప్ రూపొందించిన ఈ డేటాబేస్ ప్రపంచంలోని దాదాపు ప్రతి స్మార్ట్‌ఫోనులోనూ పనిచేస్తోంది. పిల్లలు వాడే మెసేజింగ్ యాప్‌లలో ఎక్కువ భాగం దీని మీదే నడుస్తాయి కాబట్టి, దీన్ని చదవడం వచ్చినవారికి ఏ యాప్ అయినా కొంత దారి ఇస్తుంది.

తెర మీద ఒక బుడగలా కనిపించే సందేశం డేటాబేస్ పట్టికలో ఒక అడ్డు వరుసగా ఉంటుంది. ఆ వరుసలో దానికంటూ ఒక క్రమసంఖ్య, యాప్ ఇచ్చిన ప్రత్యేక గుర్తింపు, పంపినది ఈ ఫోనా అవతలి ఫోనా అన్న సూచన, పంపినవారి ఖాతా, పంపిన సమయం, అందిన సమయం, ఆ తరువాత సందేశం మాటలు ఉంటాయి. స్క్రీన్‌షాట్‌లో కనిపించే పేరుకు ఇక్కడ విలువ లేదు, ఖాతానే లెక్క. "అందరికీ తొలగించు" ఆజ్ఞ వచ్చినప్పుడు మాటల గడి ఖాళీ అవుతుంది, సందేశం రకం మారుతుంది, మిగిలిన వివరాలు నిలుస్తాయి. అదే సందేశాన్ని అంతకుముందే ఎవరైనా ఎత్తి చూపుతూ జవాబిచ్చి ఉంటే, ఎత్తి చూపిన భాగం జవాబుతో పాటు వేరే చోట భద్రంగా ఉంటుంది. వేధించేవారు తమ సందేశాన్ని తీసేసినా, "ఇలా ఎందుకు రాశావు" అని ఎవరో ఇచ్చిన జవాబులో ఆ మాటలు బతికే ఉంటాయి.

"నాకు తొలగించు" అన్నది వేరే సంగతి. ఇక్కడ ఆ సందేశపు అడ్డు వరుస మొత్తం పోతుంది. కానీ క్రమసంఖ్యల్లో ఖాళీ కనిపిస్తుంది: 4211 తరువాత 4219 వచ్చిందంటే మధ్యలో ఏవో ఉండేవని అనుమానించాలి. ఖాళీ ఉన్నంత మాత్రాన అందులో వేధింపు ఉందని కాదు, అవి వేరే సంభాషణకు చెందిన వరుసలు కూడా అయి ఉండవచ్చు. ఎక్కడ వెతకాలో మాత్రం అది చెబుతుంది.

పోయిన వరుస నిజంగా ఎప్పుడు పోతుంది? ఎస్‌క్యూలైట్ తన ఫైలును పేజీలుగా విభజించుకుంటుంది. వరుసను తొలగించినప్పుడు ఆ చోటు ఖాళీ అయిందని గుర్తు పెట్టుకుంటుందే తప్ప, అక్కడి అక్షరాలను వెంటనే తుడిచేయాలన్న నియమం లేదు. అద్దెకున్నవాళ్లు వెళ్లిపోయారని రిజిస్టరులో రాసినా, కొత్తవాళ్లు దిగేవరకు పాత సామాను గదిలోనే పడి ఉన్నట్టు. కొత్త సందేశాలు వచ్చేకొద్దీ ఆ చోటు నిండిపోతుంది. ఇక 2010 నుంచి ఎస్‌క్యూలైట్‌లో ఉన్న ఇంకొక ఏర్పాటు ప్రకారం, మార్పులు ముందుగా పక్కన ఉన్న చిట్టా ఫైలులో చేరి, తరువాత అసలు ఫైలులోకి వెళతాయి. ఈ చిట్టా ఫైలులో ఒకే పేజీకి చెందిన పాత రూపాలు, కొత్త రూపాలు పక్కపక్కనే దొరికే సందర్భాలుంటాయి. తొలగించక ముందు పేజీ ఎలా ఉందో అక్కడ చదవవచ్చు.

ఇక్కడే పొరపాటు కూడా జరుగుతుంది. డేటాబేస్ ఫైలును మామూలు సాఫ్ట్‌వేర్‌తో తెరిచి మూసేస్తే, చిట్టాలోని మార్పులు అసలు ఫైలులో కలిసిపోయి చిట్టా మాయం కావచ్చు. చూడటానికని తెరవడమే ఆధారాన్ని చెరిపేసినట్టవుతుంది. అందుకే మూడు ఫైళ్లనూ, అంటే డేటాబేస్‌ను, చిట్టాను, దానికి తోడుగా ఉండే సూచికను, కలిపి ప్రతి తీసి, ఆ ప్రతి మీదే పని చేస్తారు.

ప్రతి తీసిన వెంటనే దానికి హ్యాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి విలువ, లెక్కిస్తారు. ఎస్‌హెచ్‌ఏ 256 పద్ధతిలో ఎంత పెద్ద ఫైలుకైనా 64 అక్షరాల విలువ వస్తుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ విలువ పూర్తిగా మారిపోతుంది. పాత ఎండీ5 పద్ధతిలో 2004లోనూ, ఎస్‌హెచ్‌ఏ 1లో 2017లోనూ రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే విలువ తెప్పించి చూపించారు. వాటి మీద మాత్రమే ఆధారపడిన నివేదికను ఇప్పుడు ప్రశ్నించడం సులభం.

చెరిపినది దొరకని సందర్భాలు చాలానే ఉన్నాయి, ఆ మాట దాచకూడదు. కొన్ని యాప్‌లు తొలగించిన చోటును సున్నాలతో నింపే ఏర్పాటును వాడతాయి. డేటాబేస్‌ను అప్పుడప్పుడు కుదించి మళ్లీ రాసేవి కొన్ని. ఫైలు మొత్తంగా పోయినప్పుడు పరిస్థితి ఇంకా కష్టం. ఆండ్రాయిడ్ 7 నుంచి ఒక్కో ఫైలును విడిగా తాళం వేసే పద్ధతి వచ్చింది, ఐఫోన్లలో అలాంటి ఏర్పాటు అంతకు ముందు నుంచే ఉంది. ఫైలుతో పాటు దాని తాళం చెవి కూడా పోతే, మెమరీ చిప్‌ను ఊడబీకి చదివినా అర్థం లేని అక్షరాలే వస్తాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు ఫోను పరిశీలనను చేత్తో తెర చూడటం మొదలు చిప్‌ను సూక్ష్మదర్శినిలో చదవడం దాకా ఐదు అంచెలుగా వివరించాయి. నేటి ఫోన్లలో వాటిలో చివరి అంచెల ఉపయోగం చాలా తగ్గింది. తాళం తెరిచి ఉన్న ఫోను, దాని యజమాని సమ్మతి, ఈ రెండూ ఉంటే దొరికేది చిప్‌ను ఊడబీకితే దొరకదు. బాధితుల ఫోను విషయంలో ఆ రెండూ ఉంటాయి. ఈ రంగంలో అన్నిటికంటే ఆశ కలిగించే సంగతి ఇదే.

పాత బ్యాకప్‌లు

ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ రోజూ తెల్లవారుజామున రెండు గంటలకు ఫోనులోనే ఒక బ్యాకప్ రాసుకుంటుంది, ఇటీవలి ఏడు రోజులవి ఉంచుతుంది. మంగళవారం వచ్చి బుధవారం సాయంత్రం తొలగించిన సందేశం, బుధవారం తెల్లవారుజామున రాసిన బ్యాకప్‌లో ఉండి ఉండాలి. అయితే వారం దాటితే ఆ ఫైలు పోతుంది. ఫిర్యాదు ఆలస్యం కాకూడదనడానికి ఇంతకంటే గట్టి కారణం లేదు. ఈ ఫైళ్లు తాళం వేసి ఉంటాయి. తాళం చెవి ఖాతాతోనో, యజమాని పెట్టుకున్న పాస్‌వర్డ్‌తోనో, 64 అంకెల కీతోనో ముడిపడి ఉంటుంది కాబట్టి ఇక్కడా యజమాని సహకారం కావాలి.

బ్యాకప్‌ను తిరిగి తెచ్చుకోవడానికి యాప్‌ను తీసేసి మళ్లీ వేసుకోమని చాలామంది సలహా ఇస్తారు. ఆధారం కావలసిన ఫోనులో ఆ పని చేయనే కూడదు. తీసేసిన క్షణాన ప్రస్తుత డేటాబేస్, దాని చిట్టా, ఖాళీ చోట్లలో మిగిలిన అక్షరాలు అన్నీ పోతాయి. "తొలగించిన సందేశాలు తిరిగి తెస్తాం" అనే యాప్‌లదీ ఇదే కథ. వాటిలో ఎక్కువ శాతం వచ్చే నోటిఫికేషన్లను చదివి దాచుకునేవే. అంటే, వేసుకున్న రోజు నుంచి వచ్చేవే వాటికి తెలుస్తాయి, నిన్నటివి తెలియవు. పైగా ఇంటివాళ్ల సందేశాలన్నీ ముక్కూ మొహం తెలియని యాప్ చేతిలో పెట్టినట్టవుతుంది. నోటిఫికేషన్ల చరిత్రను దాచే సదుపాయం ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోనులోనే ఉంది. అది ముందే ఆన్ చేసి ఉంటే, గడిచిన ఒక రోజులో వచ్చి చెరిగిపోయిన సందేశం మొదటి పంక్తులు అక్కడ దొరకవచ్చు.

గడియారం చెప్పే మాట

వరుసను నిలబెట్టేది సమయం. అదే తప్పుగా చదివితే వరుస కూలిపోతుంది. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ సమయాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్లుగా రాసుకుంటుంది. 1700000000000 అన్న సంఖ్యకు అర్థం 2023 నవంబరు 14, రాత్రి 10 గంటల 13 నిమిషాల 20 సెకన్లు, అదీ అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో. అదే క్షణాన్ని ఐఫోను 721692800 అని రాసుకుంటుంది, ఎందుకంటే అక్కడి లెక్క సెకన్లలో, 2001 జనవరి 1 నుంచి మొదలవుతుంది. ఈ రెండో సంఖ్యను 1970 నుంచి గడిచిన సెకన్లుగా చదివితే సందేశం 1992 నవంబరులో వచ్చినట్టు తేలుతుంది. అప్పటికి ఫిర్యాదు చేసిన అమ్మాయి పుట్టనే లేదు. ఇంత కొట్టొచ్చినట్టు కనిపించే తప్పు సులువుగానే దొరుకుతుంది. స్థానిక సమయానికి మార్చేటప్పుడు కొన్ని గంటలు అటూ ఇటూ అయిన తప్పు మాత్రం నివేదికలో చివరిదాకా దాగి ఉండి, నిందితుడు ఆ సమయంలో తరగతి గదిలో ఉన్నాడన్న వాదన రాగానే బయటపడుతుంది. ఫోనును స్వాధీనం చేసుకున్నప్పుడే దాని గడియారాన్ని సరైన సమయంతో పోల్చి రాసిపెట్టుకోవాలి.

ఫొటోల పేర్లు కూడా మాట్లాడతాయి. ఆండ్రాయిడ్ వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పేరులో తేదీ, ఆ వెనుక ఆ రోజు వరుస సంఖ్య ఉంటాయి. 12, 13, 15 సంఖ్యలున్న ఫొటోలు ఉండి 14 లేకపోతే అది ఎక్కడ పోయిందో అడగాలి. అసలు ఫొటో పోయినా దాని చిన్న నమూనా డేటాబేస్‌లో మిగిలి ఉండవచ్చు. మసకగా ఉన్నా సరే, ఆ ముఖం ఎవరిదో గుర్తుపట్టడానికి చాలాసార్లు అది చాలు.

గ్రూపులో ఎవరు చదివారు, ఎప్పుడు చదివారు అన్న వివరాలు పంపినవారి ఫోనులోనే ఉంటాయి. అందుకున్న ఫోనులో ఏం వచ్చిందో ఉంటుంది. ఓల్వెయస్ చెప్పిన మూడో గుర్తు, బలంలో తేడా, ఈ రెండు ఫోన్లనూ కలిపి చదివినప్పుడే పూర్తిగా బయటపడుతుంది: ఒక్కరి మీద ఎంతమంది నవ్వారు, ఎవరు ఎవరిని గ్రూపులో చేర్చారు, బాధితురాలు బయటికి వెళ్లిపోతే మళ్లీ ఎవరు లాక్కొచ్చారు. చేర్చడం, వెళ్లిపోవడం, గ్రూపు పేరు మార్చడం అన్నీ సమయంతో సహా నమోదవుతాయి. అమ్మాయి మూడుసార్లు వెళ్లిపోతే మూడుసార్లూ తిరిగి చేర్చిన గ్రూపులో, ఒక్క బూతు మాట లేకపోయినా వేధింపు ఉంది.

యాప్‌ను బట్టి

టెలిగ్రామ్‌లో మామూలు సంభాషణలు సంస్థ సర్వర్లలో ఉంటాయి, ఏ పరికరంలో లాగిన్ అయినా కనిపిస్తాయి. ఇద్దరి మధ్య సంభాషణను ఒకరు రెండు వైపులా, ఎంత పాతదైనా, తొలగించగలరు. రహస్య సంభాషణలు మాత్రం ఆయా ఫోన్లలోనే ఉంటాయి. సిగ్నల్ తన డేటాబేస్‌ను మొత్తంగా తాళం వేసి ఉంచుతుంది. స్నాప్‌చాట్ చూసిన వెంటనే మాయమవుతుందన్న నమ్మకం మీద ఎదిగిన యాప్. 2014లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ మాట వినియోగదారులను తప్పుదారి పట్టించేదని అభియోగం మోపింది, సంస్థ రాజీకి వచ్చింది. మాయమయ్యే సందేశం కూడా తెర మీద కనిపించినంతసేపు ఇంకో కెమెరాకు దొరుకుతుంది.

సర్వర్ నుంచి ఏం రాగలదన్న విషయంలో అపోహలు ఎక్కువ. వాట్సాప్‌లో 2016 నుంచి సందేశాలన్నీ పంపినవారి ఫోను నుంచి అందుకున్నవారి ఫోను దాకా తాళంలోనే వెళతాయి, మధ్యలో సంస్థ చదవలేదు. అదే ఏడాది సిగ్నల్‌కు అమెరికాలో న్యాయపరమైన ఆదేశం వచ్చినప్పుడు ఆ సంస్థ ఇవ్వగలిగినవి ఖాతా తెరిచిన సమయం, చివరిసారి అనుసంధానమైన తేదీ మాత్రమే. అయితే ఖాతా వివరాలు, లాగిన్ అయిన ఇంటర్నెట్ (ఐపీ) చిరునామాలు దాచే సంస్థలూ ఉన్నాయి. నకిలీ ఖాతా వెనుక ఉన్నదెవరో తేల్చడానికి అవి ప్రాణాధారం. అవి చెరిగిపోకముందే నిలిపి ఉంచమని అడిగే ఏర్పాటు సైబర్ నేరాలపై 2001లో కుదిరిన అంతర్జాతీయ బుడాపెస్ట్ ఒప్పందంలో ఉంది. దాని ప్రకారం గరిష్ఠంగా 90 రోజుల దాకా డేటాను కదలకుండా ఉంచమని ఆదేశించవచ్చు, ఆ ఆదేశాన్ని పొడిగించే వీలూ కల్పించవచ్చు.

బాధితులు తమంతట తాము యాప్‌లోనే రిపోర్ట్ చేయడం మంచిదే, కానీ వరుస ముఖ్యం. రిపోర్ట్ చేసి బ్లాక్ చేసేటప్పుడు సంభాషణను తొలగించే ఎంపిక కూడా ఎదురుపడవచ్చు. ముందు ఆధారం భద్రం చేసుకుని, ఆ తరువాతే రిపోర్ట్, బ్లాక్.

పిల్లల నగ్న చిత్రాలు, అంతరంగిక చిత్రాలు ఉన్న కేసుల్లో పైన చెప్పిన ప్రతులు, వీడియోల సలహా వర్తించదు. అలాంటి చిత్రాన్ని సాక్ష్యం పేరుతోనైనా ఇంట్లోవాళ్లు నకలు తీయడం, ఒకరికొకరు పంపుకోవడం తగదు. చాలా దేశాల్లో అది నేరం. ఫోనును ఉన్నది ఉన్నట్టు ఉంచి విచారణ అధికారులకు అప్పగించాలి. వ్యాప్తిని ఆపడానికి వేరే దారి ఉంది. పెద్దవాళ్ల చిత్రాల కోసం 2021లో మొదలైన స్టాప్ ఎన్‌సీఐఐ, పద్దెనిమిదేళ్ల లోపు వారి చిత్రాల కోసం 2023లో బహిరంగంగా ప్రకటించిన టేక్ ఇట్ డౌన్ సేవలు బాధితుల సొంత పరికరంలోనే చిత్రానికి హ్యాష్ లెక్కించి, ఆ సంఖ్యను మాత్రమే తీసుకుంటాయి. చిత్రం ఫోను దాటి బయటికి వెళ్లదు. సేవలో చేరిన వేదికలు ఆ సంఖ్యతో సరిపోయే చిత్రాన్ని గుర్తించి అడ్డుకుంటాయి. సాక్ష్యాన్ని రుజువు చేసే గణితం లాంటిదే ఇక్కడ బాధితుల మర్యాదను కాపాడుతోంది.

ఖాతా ఎవరిది, చేయి ఎవరిది

సందేశం ఫలానా ఖాతా నుంచి వచ్చిందని తేలడంతో పని సగమే అయింది. ఆ సమయంలో ఆ ఫోను ఎవరి చేతిలో ఉంది? పిల్లలు ఒకరి ఫోను ఒకరు తీసుకుంటారు, పాస్‌వర్డ్‌లు పంచుకుంటారు, ఖాతాను ఇంకొకరి కంప్యూటర్‌లో తెరిచి వదిలేస్తారు. తప్పు చేయని పిల్లవాడి మీద ముద్ర పడటం కూడా ఒక వేధింపే. అందుకని ఫోను తాళం తెరిచిన సమయాలు, ఖాతాకు అనుసంధానమైన పరికరాల జాబితా, అదే నిమిషంలో ఆ ఫోనులో జరిగిన ఇతర పనులు పరిశీలించాలి. వేధింపు సందేశం వెళ్లిన నిమిషానికి ముందూ వెనకా అదే ఫోను నుంచి వాళ్ల అమ్మకు మామూలు సందేశం వెళ్లి ఉంటే, ఫోను వేరొకరి చేతిలో ఉందన్న వాదన నిలవడం కష్టం.

ఫోను ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ గంటకు వెళ్లిందో రాసే పట్టిక చిన్న విషయంగా కనిపిస్తుంది. ఇంట్లో ఫోను తీసుకున్న తండ్రి, దాన్ని బల్లమీద పెట్టుకున్న ప్రిన్సిపాల్, స్టేషన్‌కు తీసుకెళ్లిన ఉద్యోగి, వీరిలో ఏ ఒక్కరి సంతకం లేకపోయినా "మధ్యలో ఎవరో చేర్చారు" అన్న వాదనకు చోటు దొరుకుతుంది. డిజిటల్ ఆధారాలను గుర్తించడం, సేకరించడం, భద్రపరచడంపై 2012లో వచ్చిన ఐఎస్‌ఓ 27037 ప్రమాణం ఈ నమోదుకు పెద్ద పీట వేసింది.

సెలెబ్రైట్, మాగ్నెట్ ఆక్సియమ్ వంటి వాణిజ్య సాఫ్ట్‌వేర్ పరికరాలు, ఆటోప్సీ వంటి ఉచిత పరికరాలు డేటాబేస్‌ను చదివి నివేదికగా ఇస్తాయి. యాప్‌లు తమ పట్టికల అమరికను చెప్పకుండా మార్చుకుంటాయి. వాట్సాప్ తన సందేశాల పట్టికను కొన్నేళ్ల కిందట కొత్త పట్టికలోకి మార్చింది. పాత అమరికకే అలవాటుపడిన పరికరం ఇలాంటి చోట సందేశాలే లేవని చూపగలదు. పరికరం "ఏమీ లేదు" అన్నప్పుడు ముడి డేటాబేస్‌ను తెరిచి కళ్లతో చూసినవారి మాటే నమ్మదగినది.

నివేదిక రాసేటప్పుడు దొరికినవాటికి ఇచ్చినంత చోటు దొరకనివాటికీ ఇవ్వాలి. మొదట చెప్పిన అమ్మాయి విషయంలో నిజాయితీగా రాసిన నివేదిక ఇలా ఉంటుంది: ఫలానా ఖాతా నుంచి రాత్రి 11 గంటల 6 నిమిషాలకు ఒక ఫొటో వచ్చింది, ఏడు గంటలు గడిచాక దాన్ని అందరికీ తొలగించారు. ఆ ఫొటో ఈ ఫోనులో దొరకలేదు, చిన్న నమూనా దొరికింది. అదే ఫొటో గ్రూపులోని మరొకరి గ్యాలరీలో దొరికింది. ఆ ఖాతా నుంచి అంతకుముందు 19 రోజుల్లో ఇదే అమ్మాయిని ఉద్దేశించి వచ్చిన 63 సందేశాలు వరుసక్రమంలో జతచేశాం. 4212 నుంచి 4218 వరకు ఉన్న వరుసలు లేవు, వాటిలో ఏముందో చెప్పలేం.